గుర్రం కాలును చదివిన జార్జ్ స్టబ్స్

విశాఖపట్నం పాత పోస్టాఫీసు పరిసరాల్లో మా చిన్నతనంలో ఇంకా జట్కాలు తిరిగేవి. మా వీధి చివర ఉండే జట్కా సాయిబు గుర్రం ఒకరోజు ఉన్నట్టుండి ముందు కుడికాలు కుంటసాగింది. చూసినవారంతా భుజం పట్టేసిందన్నారు. వాత పెడితే సర్దుకుంటుందని ఎవరో సలహా ఇస్తే, సాయిబు కంటనీరు పెట్టుకుంటూనే ఇనుప చువ్వ ఎర్రగా కాల్చడానికి సిద్ధమయ్యాడు. ఇంతలో లాడాలు కొట్టే ముసలాయన వచ్చాడు. ఆయనను మేమంతా నాల్‌బంద్ చాచా అనేవాళ్లం. ఆయన గుర్రం పక్కన గొంతుక్కూర్చుని, భుజం మీద నుంచి అరచేయి కిందికి జార్చుకుంటూ వచ్చి, డెక్కకు పైనున్న కీలు వెనుక రెండు వేళ్లు ఆనించి కళ్లు మూసుకున్నాడు. హకీం సాహెబు రోగి నబ్జ్ చూసినట్టే చూశాడు. తర్వాత రెండో కాలు కూడా అలాగే చూశాడు. నొప్పి భుజంలో లేదని, డెక్కలో ఉందని తేల్చి చెప్పాడు. లాడం ఊడదీసి డెక్క అడుగున కొంచెం చెక్కగానే నల్లటి చీము బయటికి వచ్చింది. కొద్దిరోజులకు గుర్రం మళ్లీ బండి లాగింది.

కాలిలో నాడి ఉంటుందా, ఉంటే పాదం బాధను అది ఎలా చెబుతుంది అనే ప్రశ్న మాకు చాలాకాలం ఉండిపోయింది. మదరసాలో ఫిఖహ్, అరబీ వ్యాకరణం చదివిన మాకు గుర్రం కాలు గురించి చెప్పేవారు ఎవరుంటారు! ఉపాధ్యాయ వృత్తిలోకి వచ్చిన తర్వాత ఒక పాత పుస్తకంలో గుర్రం బొమ్మ ఒకటి కంటపడింది. చర్మం లేదు. కండరాలు, నెత్తుటి నాళాలు, కీళ్లు అన్నీ కనిపిస్తున్నాయి. అయినా ఆ గుర్రం బతికున్నట్టే నడుస్తోంది. చాచా వేళ్లు పెట్టిన చోటు ఆ బొమ్మలో దొరికింది. బొమ్మ వేసిన వ్యక్తి పేరు జార్జ్ స్టబ్స్. ఇంగ్లండు దేశస్థుడు, తోళ్లు పదును చేసేవాని కొడుకు. ఆయన జీవితం నేటి పాఠకులకు చెప్పదగినదని మాకు అనిపించింది.

గుర్రపు వైద్యం ఇంగ్లండులో పుట్టిన విద్య కాదన్న సంగతి ముందుగా చెప్పాలి. ఉర్దూలో గుర్రపు వైద్యుణ్ణి సలోత్రీ అంటారు. అది మన దేశపు శాలిహోత్రుని పేరు నుంచి వచ్చిన మాట. అరబీలో బైతార్ అంటారు. దాని మూలం గ్రీకు. ఒక్కొక్క మాట ఎన్ని ఊళ్లు దాటి వచ్చిందో చూడండి! ఈజిప్టును ఏలిన మమ్లూక్ సుల్తాను నాసిర్ ముహమ్మద్ అశ్వశాలలకు పెద్దగా ఉండిన అబూబక్ర్ ఇబ్నె బద్రుద్దీన్ అనే బైతార్ 14వ శతాబ్దంలో గుర్రాల పెంపకం, రోగాలు, చికిత్సల మీద పెద్ద గ్రంథం రాశాడు. సుల్తాను పేరిట అది అన్నాసిరీగా ప్రసిద్ధి పొందింది. 19వ శతాబ్దంలో ఫ్రెంచి భాషలోకి కూడా వెళ్లింది. ఇటలీలోని బొలోన్యా నగరంలో కార్లో రుయినీ రాసిన అశ్వ శరీర గ్రంథం 1598లో బొమ్మలతో అచ్చయింది. దాని తర్వాత వచ్చిన చాలామంది ఆ బొమ్మలనే చూసి మళ్లీ గీసుకున్నారు. గుర్రం దగ్గరికి తిరిగి వెళ్లి చూసినవారు తక్కువ. స్టబ్స్ మాత్రం వెళ్లాడు.

ఆయన 1724 ఆగస్టు 25న లివర్‌పూల్ రేవు పట్టణంలో పుట్టాడు. తండ్రి జాన్ స్టబ్స్‌ది తోళ్ల పని. ఇంటినిండా చర్మాల వాసన. ఎనిమిదేళ్ల వయసులో పొరుగున ఉన్న వైద్యుడు ఒకరు ఎముకలు అరువిస్తే ఆ పిల్లవాడు వాటిని చూసి బొమ్మలు వేసేవాడట. తండ్రి తన పనే నేర్పాలనుకున్నాడు గాని, కొడుకు మనసు చిత్రలేఖనం మీద ఉందని గ్రహించి చివరికి ఒప్పుకున్నాడు. 1741లో తండ్రి చనిపోయాడు. అంతకుముందూ ఆ తర్వాతా స్టబ్స్‌కు గురువు దొరికాడని చెప్పలేం. హామ్లెట్ విన్‌స్టన్లీ అనే చిత్రకారుని దగ్గర చేరాడు. పాత చిత్రాలకు నకళ్లు తీయడమే అక్కడి పని. ఏ చిత్రానికి నకలు తీయాలన్న దగ్గర పేచీ వచ్చి కొద్దివారాలకే బయటికి వచ్చేశాడు. ఇక మీదట ప్రకృతిని తప్ప మరి దేన్నీ చూసి గీయనని నిశ్చయించుకున్నాడు. యౌవనంలో ఇటువంటి శపథాలు చాలామంది చేస్తారు. ఈయన మాత్రం దాన్ని 81 ఏళ్ల వయసు దాకా నిలబెట్టుకున్నాడు.

తర్వాత యార్క్ నగరం చేరి, అక్కడి ఆసుపత్రిలో చార్లెస్ అట్కిన్సన్ అనే శస్త్రవైద్యుని వద్ద మానవ శరీర నిర్మాణం నేర్చుకున్నాడు. తాను నేర్చుకుంటూనే వైద్య విద్యార్థులకు చెప్పేవాడు. ఆ ఊరి వైద్యుడు జాన్ బర్టన్ ప్రసూతి వైద్యం మీద పుస్తకం రాస్తూ బొమ్మలు కావాలన్నాడు. గీయడం స్టబ్స్‌కు వచ్చు. రాగిరేకు మీద చెక్కడం మాత్రం రాదు. లీడ్స్ పట్టణంలో ఇళ్లకు రంగులు వేసే ఒక వ్యక్తికి ఆ పని కొంచెం తెలుసని విని వెళ్లాడు. అతడు ఒక అర్ధపెన్నీ నాణేనికి మైనం పూత పూసి, పొగ పట్టించి ఎలా గీయాలో చూపించాడు. అంతే పాఠం. కుట్టుసూదిని పుల్లకు గుచ్చి పనిముట్టుగా చేసుకుని స్టబ్స్ తన మొదటి రేకులు చెక్కాడు. పుస్తకం 1751లో వచ్చింది. బొమ్మల మీద ఆయన పేరు లేదు. ప్రసవంలో చనిపోయిన స్త్రీల శవాలను చాటుగా తెప్పించుకుని చూశాడని ఊళ్లో గుసగుసలు పుట్టాయి. ఆ మచ్చ చాలాకాలం వెంటాడింది. ఈ విషయాన్ని దాచిపెట్టి ఆయన గొప్పదనం ఒక్కటే చెప్పడం మాకు ఇష్టం లేదు.

1754లో రోము వెళ్లాడు. ఆ రోజుల్లో చిత్రకారులు అక్కడి పాత శిల్పాలను చూసి నేర్చుకోవడానికి వెళ్లేవారు. ఈయన శిల్పం కంటే ప్రకృతే గొప్పదని నిర్ధారణ చేసుకోవడానికి వెళ్లి, అది తేలగానే తిరుగుముఖం పట్టాడు. తిరుగు ప్రయాణం గురించి ఒక కథ ప్రచారంలో ఉంది. ఓడలో ఒక విద్యావంతుడైన మూర్‌తో స్నేహం కుదిరి, ఆయన ఆహ్వానంపై ఆఫ్రికా తీరంలోని సియూటాలో దిగాడట. వెన్నెల రాత్రి కోటగోడ మీద నుంచి, ఒక సింహం తెల్లగుర్రం మీద దూకడం చూశాడట. సింహం, గుర్రం దృశ్యాన్ని ఆయన తర్వాత పదేపదే చిత్రించిన మాట నిజం. ఒక మహమ్మదీయుని ఆతిథ్యం గురించిన కథ కాబట్టి నమ్మాలని మాకూ ఉంటుంది. కాని అది ఆయన చనిపోయాక 1808లో ఒక పత్రికలో అచ్చయిన కథ. అదీగాక, అలాంటి దృశ్యాన్ని చూపే పురాతన శిల్పం రోములోనే ఉంది. శిల్పాలు తనకు అక్కర్లేదన్న మనిషి శిల్పం నుంచే ఆ దృశ్యాన్ని తీసుకున్నాడని చరిత్రకారులు భావిస్తున్నారు. మాకూ అదే సబబుగా తోస్తుంది.

1756లో స్టబ్స్ లింకన్‌షైర్‌లోని హార్క్‌స్టో అనే పల్లెలో ఒంటరిగా ఉన్న ఒక ఇల్లు అద్దెకు తీసుకున్నాడు. జీవితాంతం ఆయనకు తోడుగా ఉన్న మేరీ స్పెన్సర్ వెంట వచ్చింది. ఆ వాసన ఊళ్లో ఎవరు భరిస్తారు! అందుకే ఊరికి దూరం. అక్కడ సుమారు ఏడాదిన్నర పాటు ఆయన చేసిన పని ఇదీ. గుర్రాన్ని తెచ్చి, మెడ సిర కోసి నెత్తురంతా పోయేలా చేసేవాడు. తర్వాత నాళాల్లోకి కరిగించిన పశువుల కొవ్వు ఎక్కించేవాడు. చనిపోయిన తర్వాత నాళాలు ఖాళీ గొట్టాల్లా అణిగిపోయి కంటికి ఆనవు. కొవ్వు నిండి గట్టిపడితే ఎక్కడ మొదలై ఎక్కడ చీలిందో వేలితో పట్టుకోవచ్చు. పైకప్పుకు ఇనుప కడ్డీ, దాని నుంచి కొక్కేలు వేలాడదీసి, గుర్రాన్ని ఎత్తి నిలబెట్టేవాడు. డెక్కలు ఒక చెక్కపలక మీద ఆని, నడుస్తున్నట్టే ఉండేది. అప్పుడు చర్మం తీసి ఒక పొర గీయడం, ఆ పొర తీసి దాని కింది పొర గీయడం, అలా ఎముక దాకా వెళ్లేవాడు. ప్రతి పొరనూ పక్క నుంచి, ముందు నుంచి, వెనుక నుంచి కొలతలతో గీశాడు. ఒక్కో గుర్రం ఆరేడు వారాలు నిలిచేది. ఒకటి పదకొండు వారాల దాకా ఉంచాడు. ఈగలు, కుళ్లు, చలి, ఒంటరితనం. ఇంత పెద్ద జంతువును తనొక్కడే భుజాన వేసుకుని మేడ మెట్లు ఎక్కేవాడని కూడా చెప్పుకునేవారు. అది అతిశయోక్తే అయి ఉంటుంది.

ఆ కొక్కేలకు వేలాడిన గుర్రం ముందుకాలులో ఏముంది? ఇక్కడ కాస్త ఆగి చెప్పుకుందాం. మన చేతికీ మొండేనికీ మధ్య జత్రుక అనే ఎముక వంతెనలా ఉంది. గుర్రానికి అది లేదు. ముందుకాలును మొండేనికి కలిపే ఎముక ఒక్కటి కూడా లేదు. రెండు భుజపు ఎముకల మధ్య ఛాతీ కండరాల ఉయ్యాలలో వేలాడుతూ ఉంటుంది. పక్కటెముకల నుంచి భుజపు ఎముక లోపలి వైపుకు విసనకర్రలా పరచుకున్న పెద్ద కండరం ఆ ఉయ్యాలకు ముఖ్యమైన పట్టీ. నిలబడిన గుర్రం బరువులో నూటికి సుమారు 60 పాళ్లు ముందుకాళ్ల మీదే పడుతుంది. దూకి దిగినప్పుడు ఆ అదురును ముందుగా భరించేది ఈ కండరాలే. మనం గుర్రం మోకాలని పిలిచేది నిజానికి మన మణికట్టు. దాని కింది పొడవాటి ఎముక మన అరచేతిలోని మధ్యవేలి ఎముక. డెక్క ఆ వేలి గోరు. అంటే గుర్రం ఒక్కొక్క కాలికి ఒక్క వేలి గోటి మీద నిలబడి పరుగెత్తే జంతువు!

ఆ మణికట్టు దిగువన కండ అనదగినది దాదాపు లేదు. లాగే కండరాలన్నీ పైన ఉండిపోయి, తాళ్లలాంటి వాటి కొసలు మాత్రం కిందికి దిగుతాయి. వెనుక వైపు రెండు బలమైన తాళ్లు ఒకదాని మీద ఒకటి ఉంటాయి. వాటికీ ఎముకకూ నడుమ మరో గట్టి బంధం ఉండి, డెక్క పైనున్న కీలు నేలకు కుంగకుండా ఆపుతుంది. కాలు నేలకు తగిలినప్పుడు ఇవి సాగి, లేచినప్పుడు తిరిగి ముడుచుకుంటాయి. అందుకే కాలు అడుగున బరువు తక్కువ, విసురు ఎక్కువ. గుర్రం నిలబడే కునుకు తీయగలగడం కూడా ఈ బంధాల పుణ్యమే. కండరాలు పెద్దగా అలసిపోకుండానే కీళ్లు నిలబడి ఉంటాయి. ఇక నాళాల సంగతి. చంకలోంచి దిగిన ధమని ముంజేతి లోపలి వైపుగా వచ్చి, మణికట్టు వెనుక తాళ్లతో పాటే సందులోంచి జారి, కింది కీలుకు కొంచెం పైన రెండుగా చీలుతుంది. ఆ రెండు కొమ్మలూ కీలుకు అటొకటి ఇటొకటి, చర్మానికి దగ్గరగా వచ్చి డెక్కలోకి దిగుతాయి. డెక్క గట్టి పెట్టె. లోపల వాపు వస్తే ఉబ్బడానికి చోటు లేదు. అప్పుడు ఆ కొమ్మల్లో నాడి బలంగా కొట్టుకుంటుంది. మా చాచా వేళ్లు పెట్టింది అక్కడే. ఆయన ఏ పుస్తకమూ చదవలేదు. స్టబ్స్ కూడా ఏ పుస్తకాన్నీ నమ్మలేదు. ఇద్దరూ ఒక్కచోటికే చేరారు.

బొమ్మలు తీసుకుని స్టబ్స్ లండన్ వెళ్లాడు. వాటిని రాగిరేకుల మీద చెక్కమని పేరున్న చెక్కడపు పనివారిని అడిగాడు. ఒక్కరూ ఒప్పుకోలేదు. చివరికి ఆ అర్ధపెన్నీ పాఠమే పనికి వచ్చింది. పగలు డబ్బు కోసం చిత్రాలు వేస్తూ, తెల్లవారుజామున, రాత్రి పొద్దుపోయాక రేకులు తానే చెక్కాడు. ఏళ్లకేళ్లు గడిచాయి. 1766లో అశ్వ శరీర నిర్మాణం అనే ఆ గ్రంథం వెలువడింది. 18 పట్టికలు. మొదటి మూడూ అస్థిపంజరం. మిగిలిన పదిహేనూ కండరాల పొరలు, బంధాలు, నాడులు, ధమనులు, సిరలు. ప్రతి భాగానికీ అక్షరం, అక్షరానికి వివరణ. డచ్ దేశపు గొప్ప శరీర శాస్త్రవేత్త పీటర్ కాంపర్ ఆ పుస్తకం చూసి, కోసినవాడూ గీసినవాడూ చెక్కినవాడూ ఒక్కడేనంటే ఆశ్చర్యపోయి స్టబ్స్‌కు ఉత్తరాలు రాశాడు.

అదే 1766వ సంవత్సరం నవంబరులో నిజాం అలీకీ ఇంగ్లీషు కంపెనీకీ హైదరాబాదులో ఒడంబడిక జరిగి ఉత్తర సర్కారులు కంపెనీ పాలయ్యాయి. శ్రీకాకుళం సర్కారులో భాగమైన మన విశాఖ కూడా అందులోనిదే. ఇక్కడి కంపెనీ కోఠీ అప్పటికే మద్రాసు గవర్నరు కింద ఉండేది. 1755 నుంచి 1763 దాకా ఆ గవర్నరుగా ఉన్న జార్జ్ పిగట్ ఇంగ్లండు రాజుకు ఒక చిరుతను కానుకగా ఇచ్చాడు. మన రాజులు, నవాబులు వేటకు పెంచే రకం చిరుత అది. దాన్ని ఆడించడానికి వెంట భారతీయ పనివారు కూడా సముద్రం దాటారు. 1764 జూన్ చివర విండ్సర్ అడవిలో చిరుతను ఒక మగదుప్పి మీదికి వదిలారు. దుప్పి కొమ్ములు విదిలిస్తే చిరుతే వెనక్కు తగ్గింది. స్టబ్స్ ఆ చిరుతనూ, దాని పక్కన తలపాగాలతో తెల్లని దుస్తుల్లో ఉన్న ఇద్దరు భారతీయులనూ చిత్రించాడు. ఆ చిత్రం ఇప్పుడు మాంచెస్టరు నగర చిత్రశాలలో ఉంది. ఆ ఇద్దరి ముఖాలను ఆయన గుర్రం ముఖానికి ఇచ్చినంత శ్రద్ధతోనే గీశాడు. ఎగతాళి లేదు, వింత జంతువుల్లా చూపడం లేదు. కంపెనీ దొరల కాలంలో అది చిన్న విషయం కాదు.

ఆయన గీసిన గుర్రాల వంశం కూడా మన వైపు నుంచి వెళ్లినదే. ఇంగ్లీషు పందెపు గుర్రాలన్నిటి తండ్రుల వరుస మూడు పోతు గుర్రాల దగ్గరికి చేరుతుంది. బైయర్లీ టర్క్ ఒకటి. 1704లో సిరియాలోని హలబ్ నగరంలో కొన్న డార్లీ అరేబియన్ ఒకటి. ట్యూనిస్ మీదుగా ఫ్రాన్సుకు, అక్కణ్ణుంచి ఇంగ్లండుకు చేరిందని చెప్పే గొడాల్ఫిన్ అరేబియన్ మూడోది. స్టబ్స్ సుమారు 1762లో రాకింగ్‌హామ్ ప్రభువు కోసం నిలువెత్తు పరిమాణంలో వేసిన విజిల్‌జాకెట్ అనే గుర్రం ఈ గొడాల్ఫిన్ అరేబియన్‌కు మనవడు. చిత్రంలో ఆకాశం లేదు, చెట్టు లేదు, రౌతు లేడు. ముందుకాళ్లు రెండూ గాలిలోకి లేపిన గుర్రం ఒక్కటే. హార్క్‌స్టోలో కొక్కేలకు వేలాడదీసి చూసిన ఉయ్యాల కండరాలు ఇక్కడ చర్మం కింద ఉబికి కనిపిస్తాయి. 1997లో లండన్ నేషనల్ గ్యాలరీ దాన్ని ఒక కోటీ పది లక్షల పౌండ్లు పెట్టి కొన్నది.

ఇంత చెప్పాక కూడా ఆ పల్లె ఇంట్లో నెత్తురు కార్చి చంపిన గుర్రాల సంగతి మమ్మల్ని వదలదు. దౌడు తీసే గుర్రాల మీద ప్రమాణంతో మొదలయ్యే సూరా ఆదియాత్‌ను చిన్నప్పుడే కంఠస్థం చేసినవాళ్లం. మూగజీవాన్ని అనవసరంగా బాధపెట్టిన వారు జవాబు చెప్పుకోవాలని నేర్చుకున్నవాళ్లం. అవసరం ఎంతవరకు, అనవసరం ఎక్కడ మొదలు అన్నది తేల్చడం తేలిక కాదు. ఆ రోజుల్లో గుర్రం కుంటితే భుజాన్ని కాల్చేవారు, నెత్తురు తీసేవారు. లోపల ఏముందో తెలియని చేతుల్లో ఎన్ని గుర్రాలు ఊరికే బాధపడ్డాయో లెక్కలేదు. స్టబ్స్ బతికుండగానే, 1791లో లండన్‌లో పశువైద్య కళాశాల మొదలైంది. ఫ్రాన్సులోని లియోన్‌లో అంతకు ముప్పై ఏళ్ల ముందే వచ్చింది. కుంటికి కారణం కాలిలో ఎక్కడుందో వెతకడం అక్కడ పాఠమైంది. మా వీధి గుర్రానికి తప్పిన వాత గుర్తుకు వచ్చినప్పుడు మేము స్టబ్స్ పక్షాన నిలబడతాం. కొక్కేల బొమ్మ గుర్తుకు వచ్చినప్పుడు మళ్లీ తటపటాయిస్తాం.

పెద్దల సభలో ఆయనకు దక్కిన మర్యాద అంతంతమాత్రమే. గుర్రాల బొమ్మలు వేసేవాడు అనే ముద్ర పడింది. చారిత్రక దృశ్యాలు వేసేవారిదే పైమెట్టు అనుకునే కాలం అది. 1781లో రాయల్ అకాడమీ ఆయనను పూర్తి సభ్యునిగా ఎన్నుకుంది. నియమం ప్రకారం ఒక చిత్రాన్ని సమర్పించమంటే ఆయన నిరాకరించాడు. దాంతో పట్టా ఆగిపోయింది. ఇందులో తప్పు ఒక పక్షానిదే అనలేం. పంతం ఆయన రక్తంలోనే ఉంది. అలవాట్లు మాత్రం నిరాడంబరం. దాదాపు నలభై ఏళ్లు మద్యం ముట్టక నీళ్లే తాగాడట. పొద్దున్నే లేచి మైళ్ల కొద్దీ నడిచేవాడు.

71 ఏళ్ల వయసులో, 1795లో, మరో పని తలకెత్తుకున్నాడు. మనిషి, పులి, కోడి శరీరాలను పక్కపక్కన పెట్టి పోల్చే గ్రంథం. పులి చచ్చిందని కబురు రాగానే రాత్రికి రాత్రి వెళ్లి మూడు గినీలకు కళేబరం కొన్నాడు. 30 పలకలు అనుకున్నది, సగమే బయటికి వచ్చాయి. 1806 జూలై 10న లండన్‌లో కన్నుమూశాడు. అంతకు ముందురోజు కూడా ఎనిమిది తొమ్మిది మైళ్లు నడిచి వచ్చాడని చెబుతారు. ఆ పోలికల గ్రంథం బొమ్మలు ఎటో పోయి, 1957లో అమెరికాలోని వూస్టర్ పట్టణ గ్రంథాలయంలో బయటపడ్డాయి.

హార్క్‌స్టోలో గీసిన గుర్రపు బొమ్మలు మేరీ స్పెన్సర్‌కు దక్కాయి. తర్వాత చేతులు మారి చిత్రకారుడు ఎడ్విన్ లాండ్‌సీర్ దగ్గరికి, ఆయన నుంచి అన్న చార్లెస్‌కు చేరాయి. చార్లెస్ 1879లో చనిపోతూ వాటిని రాయల్ అకాడమీకి రాసిచ్చాడు. పట్టా ఆపిన అకాడమీలోనే ఇప్పుడు ఆ 42 బొమ్మలు భద్రంగా ఉన్నాయి.